ఆఫ్రికాలో ముసలితనం, డబ్బు, కుటుంబం: తరచుగా అడిగే ప్రశ్నలు

నైరోబీ, లుసాకా, జొహనెస్‌బర్గ్‌లలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు, సోషల్ వర్క్ చదివే పిల్లలు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు. అడిగేవాళ్లు వేరైనా ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. "అక్కడ కుటుంబాలు గట్టివి కదా, పెద్దవాళ్లకు లోటేముంది?" అన్నది అన్నిటికంటే ఎక్కువగా వినపడుతుంది. పదేపదే విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాశాను. ప్రశ్నలు మనిషి వయసు వరుసలో ఉన్నాయి. మీకు కావాల్సిన చోటు నుంచే చదువుకోవచ్చు.

## మొదట్లోనే వచ్చే సందేహాలు

ఆఫ్రికా అంటే కుర్రాళ్ల ఖండం కదా, ముసలివాళ్ల గురించి ఇంత చర్చ ఎందుకు?

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాల్లో 65 దాటినవాళ్లు నూటికి ముగ్గురే. కానీ శాతం చిన్నదైనా మనుషుల లెక్క చిన్నది కాదు. 2050 నాటికి అక్కడ 60 దాటినవాళ్లు ఇప్పటికి దాదాపు మూడింతలవుతారని ఐక్యరాజ్యసమితి అంచనా. "అక్కడ ఆయుర్దాయమే అరవై, ఇక ముసలివాళ్లెక్కడ?" అని కొందరంటారు. ఆ సగటును కిందికి లాగేది ముఖ్యంగా పసిపిల్లల చావులు. అరవై దాకా బతికి బట్టకట్టిన మనిషి సగటున ఇంకో పదిహేనేళ్లకు పైనే బతుకుతున్నారు. ఆ పదిహేనేళ్ల తిండి, మందులు, తోడు ఎవరు చూడాలన్నదే సమస్య. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల్లో ఖండం మొత్తమ్మీద ఏదో ఒక పెన్షన్ అందుకునే వృద్ధులు నలుగురిలో ఒకరు, అంతే.

54 దేశాలకూ కలిపి ఒకే మాట చెప్పొచ్చా?

చెప్పకూడదు. మారిషస్‌లో వృద్ధులందరికీ దశాబ్దాలుగా పెన్షన్ ఉంది. చాద్‌లో ఊళ్లో ఉండే రైతుకు అలాంటిదేమీ లేదు. ఈ పేజీలో ఎక్కువగా దక్షిణాఫ్రికా, ఘనా, కెన్యా, ఉగాండా, లెసోతో సంగతులే కనిపిస్తాయి. వృద్ధుల మీద పరిశోధన అక్కడే ఎక్కువ జరిగింది మరి.

ఉమ్మడి కుటుంబాలు బలంగా ఉన్నచోట పెద్దవాళ్లను పిల్లలు చూసుకోరా?

చూసుకోవాలనే అందరూ ఒప్పుకుంటారు. ఘనాలో ఒక సామెత ఉంది: నీకు పళ్లొచ్చేదాకా పెద్దలు నిన్ను చూశారు, వాళ్ల పళ్లు ఊడేటప్పుడు నువ్వు వాళ్లను చూడాలి. ఈ మాట కాదనేవాళ్లు అక్కడ దొరకరు. ఇబ్బంది చేతిలో డబ్బుతో వస్తుంది.

ఘనాలో 1983 నుంచి ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ షరతులతో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. ప్రభుత్వోద్యోగాలు తగ్గించారు. ఆసుపత్రిలో ముందు డబ్బు కడితేనే వైద్యం అనే పద్ధతి వచ్చింది. పట్నంలో చిన్న జీతం మీద ఉన్న కొడుకు ముందు ఇంటద్దె కట్టాలి, తర్వాత పిల్లల ఫీజులు కట్టాలి. మిగిలితే ఊళ్లో అమ్మకు పంపాలి. చాలా నెలలు ఏమీ మిగలదు. ఆ దేశంలో పెద్దవాళ్లను అడిగిన పరిశోధకులకు వినపడింది కూడా ఇదే. "వాడికి మనసు లేక కాదు, చేతిలో లేదు" అని వాళ్లే అన్నారు. మనవల చదువు తమ మందుల కంటే ముందని ఒప్పుకున్నవాళ్లూ ఎక్కువే. "కాలం మారింది, విలువలు పోయాయి" అనే వివరణ ఎక్కడైనా సులువుగా దొరుకుతుంది. దానికి ముందు ఆ ఇంటి జీతం చీటీ ఒకసారి చూడాలని నా అభిప్రాయం.

## ఇంకా పని చేస్తున్న వయసులో

మా ఇంట్లో పనిచేసే ఆవిడ జీతం రాగానే సగం ఊరికి పంపేస్తుంది, మళ్లీ అడ్వాన్స్ అడుగుతుంది. ఎందుకు?

నైరోబీలో, జొహనెస్‌బర్గ్‌లో ఉండే మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఆమె జీతం మీద ఆమె ఒక్కతే బతకడం లేదు. ఊళ్లో అమ్మ, అమ్మ దగ్గర పెరుగుతున్న ఆమె పిల్లలు, చనిపోయిన అక్క పిల్లలు, ఉద్యోగం లేని తమ్ముడు, వీళ్లందరి ఖర్చూ ఆ జీతంలోనే. దక్షిణాఫ్రికాలో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న నల్లజాతి యువత ఈ బరువును "బ్లాక్ టాక్స్" అంటారు. తెల్లజాతి సహోద్యోగికి అదే జీతం వస్తుంది కానీ, అమ్మానాన్నలకు సొంత ఇల్లు, సొంత పెన్షన్ ఉంటాయి. కాబట్టి అతని జీతం అతనికే మిగులుతుంది. ఒకే ఆఫీసులో ఒకే హోదాలో ఉన్న ఇద్దరి మధ్య తేడా ముందు తరం దగ్గరే మొదలైంది.

కెన్యాలో 2007లో ఎం-పెసా వచ్చినప్పుడు దాని తొలి ప్రచారమే "ఇంటికి డబ్బు పంపండి" అని సాగింది. అంతకు ముందు ఊరెళ్లే బస్సు డ్రైవర్ చేతికో, తెలిసినవాళ్ల చేతికో ఇచ్చి పంపేవారు. ఫోన్‌లో పంపడం మొదలయ్యాక డబ్బు త్వరగా చేరుతోంది. అడగడమూ అంతే త్వరగా జరుగుతోంది. నెల మధ్యలో ఊరి నుంచి ఫోన్ వస్తే అడ్వాన్స్ అడగక ఆమె ఏం చేస్తుంది?

పిల్లలు ఎక్కువమంది ఉంటే ముసలితనంలో ధీమా ఎక్కువే కదా?

లెక్క కంటే, ఆ పిల్లల్లో నెలజీతం వచ్చేవాడు ఒక్కడైనా ఉన్నాడా అన్నదే ముఖ్యం. ఎనిమిదిమంది పిల్లలూ కూలి పని మీదే బతుకుతుంటే తలా కాస్త మొక్కజొన్న పిండి, కాస్త పని సాయం దొరుకుతాయి. ఆపరేషన్ ఖర్చు మాత్రం దొరకదు. అందుకే చాలా కుటుంబాలు ఒక్క పిల్లవాడి చదువు మీద అందరి డబ్బూ పెడతాయి. వాడు పైకొస్తే అందరూ వాడి వైపే చూస్తారు. వాడికి ఉద్యోగం పోతే ఇంటిల్లిపాదికీ ఆ దెబ్బ తగులుతుంది.

జీవితమంతా బంగారు గనుల్లో పనిచేసినవాళ్లకు ఏమైనా మిగిలిందా?

చాలామందికి ఊపిరితిత్తుల జబ్బు మిగిలింది. దక్షిణాఫ్రికా గనులకు లెసోతో, మొజాంబిక్, తూర్పు కేప్ ప్రాంతాల నుంచి మగవాళ్లు కాంట్రాక్టుల మీద వెళ్లేవారు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు. నలభై యాభై ఏళ్ల వయసులో సిలికోసిస్‌తో (రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఇంటికొచ్చి, అప్పటిదాకా ఒంటరిగా పొలం, పిల్లల్ని చూసుకున్న భార్య మీదే ఆధారపడ్డారు. మాజీ కార్మికులు, వాళ్ల విధవలు కలిసి వేసిన కేసులో 2019లో సుమారు 500 కోట్ల రాండ్ల ఒప్పందాన్ని కోర్టు ఆమోదించింది. పంచడానికి షియామిసో ట్రస్టు ఏర్పడింది. అయితే పాత ఉద్యోగపు కాగితాలు, ఎక్స్‌రేలు, కొండల్లోని ఊళ్ల నుంచి పరీక్షలకు ప్రయాణం, ఇవన్నీ దాటాలి. డబ్బు చేతికందేలోపే పోయినవాళ్లున్నారు.

## ముసలితనం మొదలయ్యాక: ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది

ఒకే ఊళ్లో ఒక పెద్దాయన చుట్టూ జనం ఉంటారు, ఇంకో పెద్దాయన గుమ్మం తొక్కేవాళ్లు ఉండరు. ఎందుకలా?

నన్నడిగితే ఈ విషయంలో అసలు కీలకం ఇక్కడే ఉంది. ఘనా తూర్పు ప్రాంతంలోని క్వాహులో పెద్దవాళ్ల జీవితాల మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. అక్కడ గౌరవం వయసుతో దానంతట అది రాదు. సొంత ఊళ్లో ఇల్లు కట్టించినవాడు, చెల్లెలి పిల్లల్ని చదివించినవాడు, ఊరి చావులకు చందా ఇచ్చినవాడు ముసలివాడైతే ఇల్లు కళకళలాడుతుంది. పట్నంలో బతికి, ఊళ్లో గది కూడా వేసుకోకుండా తిరిగొచ్చినవాడికి "నమస్కారం తాతా" అంటారు, పలకరించి ముందుకు వెళ్లిపోతారు. తిండి పంపేవాళ్లుంటారు కానీ పక్కన కూర్చునేవాళ్లుండరు.

క్వాహు వాళ్లు కూడా చెందిన అకాన్ తెగల్లో వంశం తల్లి వైపు నడుస్తుంది. పిల్లలు తల్లి కుటుంబానికి చెందుతారు, మగవాడి ఆస్తి ఆచారం ప్రకారం అక్కచెల్లెళ్ల కొడుకులకు పోతుంది. అంటే తండ్రికి పిల్లల మీద పుట్టుకతో వచ్చే పట్టు తక్కువ. ఫీజులు కట్టి, దగ్గర పెట్టుకుని పెంచితేనే ఆ బంధం నిలుస్తుంది. చిన్నప్పుడు వదిలేసి వెళ్లిన తండ్రిని ముసలితనంలో చూడకపోయినా ఊరు ఆ పిల్లల్ని పెద్దగా తప్పుపట్టదు. తల్లి సంగతి వేరు, ఆమెను వదిలేస్తే మాత్రం మాట పడాల్సిందే.

ఇందులో కఠినమైన విషయం ఒకటుంది. జీవితమంతా పేదగా బతికినవాడికి ఇల్లు కట్టించే, ఎవరినైనా చదివించే అవకాశమే రాలేదు. ముసలితనంలో సాయం అందరికంటే ఎక్కువ అవసరమైంది అతనికే, తక్కువ దొరికేదీ అతనికే. కుటుంబం పేద ధనిక తేడాలను చెరిపేస్తుందని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆ తేడాలే చివరిదాకా వెంట వస్తాయి.

అమ్మమ్మలే మనవల్ని పెంచుతున్నారంటారు. తల్లిదండ్రులు ఏమయ్యారు?

కొందరు పట్నంలో పనిలో ఉన్నారు, కొందరు చనిపోయారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కాలంలో నల్లవాళ్లలో చాలామందికి నగరాల్లో కుటుంబంతో ఉండటానికి అనుమతి లేదు. పిల్లల్ని ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదలడం అప్పటినుంచీ ఉంది. 1990ల నుంచి ఎయిడ్స్ ఆ భారాన్ని ఎన్నో రెట్లు పెంచింది. దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడం 2004లో మొదలైంది. ఈలోపు లెసోతో, ఎస్వతీని, జింబాబ్వే, జాంబియాల్లో ఇళ్లకు ఇళ్లు మధ్యతరం లేకుండా మిగిలాయి. ముందు జబ్బుపడిన కూతురికి సేవ చేసి, పాతిపెట్టి, ఆ తర్వాత ఆమె పిల్లల్ని పెంచడం మొదలుపెట్టిన ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. "వృద్ధులకు కుటుంబ సాయం" అనే మాట ఇలాంటి ఇంట్లో తలకిందులవుతుంది. సాయం చేస్తున్నది ఆ పెద్దావిడే.

హరారేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ గురించి కూడా చెప్పాలి. క్లినిక్ ఆవరణలో ఒక చెక్క బెంచీ వేస్తారు. శిక్షణ పొందిన అమ్మమ్మలు దాని మీద కూర్చుని టెన్షన్, దిగులుతో వచ్చినవాళ్ల మాట వింటారు. ఇది నిజంగా పనిచేస్తోందని 2016లో వచ్చిన పరిశోధన తేల్చింది. దేశంలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నప్పుడు, ఊళ్లో ఖాళీ ఉన్నది, ఓపిక ఉన్నది అమ్మమ్మలకే అని గమనించడం ఆయన చేసిన తెలివైన పని.

భర్త పోతే ఇల్లు, పొలం భార్యకు దక్కుతాయా?

చట్టం చాలాచోట్ల దక్కుతాయనే అంటుంది. ఘనాలో 1985లో వచ్చిన వారసత్వ చట్టం ఇల్లు, ఇంటి సామాను భార్యాపిల్లలకే ఇచ్చింది. జాంబియాలో 1989 నుంచి భార్య వాటాకు చట్టం ఉంది. అయినా అంత్యక్రియలు ముగియగానే భర్త తరఫువాళ్లు వచ్చి మంచాలు, కుట్టుమిషన్, పశువులు తోలుకుపోవడం జాంబియా, మలావి, కెన్యాల్లో అందరికీ తెలిసిన సంగతే. పొలానికి కాగితం ఉండదు, లేదా భర్త పేరు మీద ఉంటుంది. కోర్టు జిల్లా కేంద్రంలో ఉంటుంది. కొడుకులున్న విధవకు కాస్త నయం. కొడుకులు లేకపోతే, లేదా రెండో భార్య అయితే పుట్టింటి దారి పట్టాల్సిందే. ఆడవాళ్లు మగవాళ్ల కంటే ఎక్కువకాలం బతుకుతారు కాబట్టి, ఆస్తి లేని ముసలితనం ఎక్కువగా వాళ్ల వంతే.

ముసలి ఆడవాళ్లను మంత్రగత్తెలని తరిమేస్తారట, ఇప్పటికీ ఉందా?

ఉంది. ఉత్తర ఘనాలోని గంబాగా లాంటి చోట్ల, అలా తరిమేసిన ఆడవాళ్లు తలదాచుకునే శిబిరాలు ఉన్నాయి. 2020 జూలైలో అదే దేశంలో కఫాబా అనే ఊళ్లో తొంభై ఏళ్ల వృద్ధురాలిని జనం చూస్తుండగా కొట్టి చంపారు. ఆ గొడవ తర్వాత 2023లో పార్లమెంటు ఇలాంటి నిందలను నేరం చేస్తూ బిల్లు ఆమోదించింది. అప్పటి అధ్యక్షుడు సంతకం చేయలేదు. టాంజానియాలో సుకుమా ప్రాంతంలో ఎర్రని కళ్లు మంత్రగత్తెకు గుర్తని నమ్మేవారు. ఆ ఎరుపు ఏళ్ల తరబడి పొయ్యి పొగ దగ్గర వంట చేయడం వల్ల వచ్చిందే.

నింద ఎవరి మీద పడుతుందో చూస్తే విషయం అర్థమవుతుంది. విధవ, పిల్లలు దగ్గర లేనిది, సొంతంగా కాస్త భూమి ఉన్నది. అండగా నిలిచే కొడుకున్న ఆమె జోలికి ఎవరూ రారు. బాణామతి, చేతబడి పేరుతో మన తెలంగాణ పల్లెల్లో జరిగిన దాడులు గుర్తున్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

## పెన్షన్ దగ్గర వచ్చే ప్రశ్నలు

ఏ దేశాల్లో వృద్ధాప్య పెన్షన్ ఉంది?

ఖండానికి దక్షిణ కొసన ఎక్కువ. దక్షిణాఫ్రికా, నమీబియాల్లో 60 ఏళ్లకు ఇస్తారు. బోట్స్‌వానా 1996లో 65 దాటినవాళ్లకు మొదలుపెట్టింది. పేద దేశమైన లెసోతో 2004లో 70 దాటినవాళ్లకు నెలకు 150 మలోటీలతో మొదలుపెట్టి అందరినీ ఆశ్చర్యపరిచింది. టాంజానియాలో భాగమైన జాంజిబార్ 2016లో, కెన్యా 2018లో 70 దాటినవాళ్లకు ఇవ్వడం ప్రారంభించాయి. కెన్యాలో నెలకు 2,000 షిల్లింగులు. ఉగాండాలో 2011లో కొన్ని జిల్లాల్లో 65 ఏళ్లకు మొదలైంది. దేశమంతా ఇవ్వాల్సి వచ్చేసరికి వయసును 80కి పెంచారు. ఎనభై దాకా ఉండేదెవరని అక్కడివాళ్లు అడగడంలో తప్పులేదు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో పెన్షన్ అంటే ఇప్పటికీ ఎక్కువగా ప్రభుత్వోద్యోగులదే.

దక్షిణాఫ్రికా పెన్షన్ నల్లవాళ్లకు ఎప్పుడు వచ్చింది?

1928లో తెల్లవాళ్లకు, అక్కడ "కలర్డ్" అని పిలిచే మిశ్రమ జాతివాళ్లకు మొదలైంది. నల్లవాళ్లకు, భారతీయులకు 1944లో వర్తింపజేశారు, కానీ ఒక్కో జాతికి ఒక్కో రేటు. పైన తెల్లవాళ్లు, మధ్యలో కలర్డ్, భారతీయులు, అడుగున నల్లవాళ్లు. నల్లవాళ్లకు రెండు నెలలకోసారి చెల్లించే పద్ధతి కూడా నడిచింది. అందరికీ ఒకే రేటు 1993లో వచ్చింది, అంటే స్వేచ్ఛగా ఎన్నికలు జరగడానికి ఒక ఏడాది ముందు. మగవాళ్ల వయసును 65 నుంచి 60కి తగ్గించడం 2010 నాటికి పూర్తయింది. 1860 నుంచి చెరకు తోటలకు కూలికి వెళ్లిన మన తెలుగువాళ్ల వారసులు డర్బన్ చుట్టుపక్కల ఉన్నారు. వాళ్ల తాతల తరం కూడా ఈ జాతి రేట్ల కిందే పెన్షన్ తీసుకుంది.

పెన్షన్ డబ్బు అది తీసుకునే పెద్దావిడ మీదే ఖర్చవుతుందా?

చాలా ఇళ్లలో అది ఇంటిల్లిపాదీ తినే డబ్బు. దక్షిణాఫ్రికాలో నిరుద్యోగం 30 శాతానికి పైన ఉంది. పల్లె ఇళ్లలో నెలనెలా ఖాయంగా వచ్చే ఒకే ఒక్క రాబడి "గోగో" పెన్షన్. అక్కడ అమ్మమ్మనీ నానమ్మనీ అలాగే పిలుస్తారు. పని దొరకని కొడుకులు, మనవలు పెన్షన్ ఉన్న ఇంటికే చేరతారు.

నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో 1993 నాటి వివరాలతో చేసిన పరిశోధనలో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది. పెన్షన్ అమ్మమ్మ లేదా నానమ్మ చేతికి వచ్చిన ఇళ్లలో ఆడపిల్లలు ఒడ్డూ పొడవుగా, బరువుగా పెరిగారు. తాత చేతికి వచ్చిన ఇళ్లలో ఆ తేడా కనిపించలేదు. డబ్బు ఎంత అన్నదే కాదు, ఎవరి చేతికి వస్తోందన్నదీ ముఖ్యమని పాలసీ రాసేవాళ్లు అప్పటినుంచి ఈ ఉదాహరణే చెబుతున్నారు.

పెన్షన్ ఇస్తే పిల్లలు డబ్బు పంపడం మానేయరా?

కొంత తగ్గిస్తారు, మానేయరు. దక్షిణాఫ్రికాలో జరిగిన లెక్కింపులో పెన్షన్ ఒక రాండ్ పెరిగితే పిల్లలు పంపే డబ్బు 25 నుంచి 30 సెంట్లు తగ్గింది. అంటే ముప్పావు వంతు దాకా పెద్దవాళ్లకు అదనంగానే మిగిలింది. తగ్గిన భాగం కూడా ఎక్కడికీ పోలేదు, చిన్న జీతగాడైన కొడుకు చేతిలో ఉంది. అదీ కాక, పెన్షన్ వస్తే ఆ పెద్దావిడ ఇంట్లో చేయి చాచే మనిషిగా ఉండదు. పండక్కి మనవడికి బూట్లు కొనిస్తుంది, చావుకు చందా ఇస్తుంది. ఇచ్చే చేయి ఉన్నచోటికి మనుషులు వస్తారు. ప్రభుత్వం ఇస్తే కుటుంబం చెడిపోతుందని భయపడేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు.

పుట్టిన తేదీ కాగితం లేనివాళ్లు ఏం చేయాలి?

ఆ తరంలో ఎక్కువమందికి ఉండదు. లెసోతోలో ఓటరు కార్డు చూసి వయసు ఒప్పుకున్నారు. కొన్నిచోట్ల పెద్ద కరువు, స్వాతంత్ర్యం, ఫలానా రాజు పట్టాభిషేకం లాంటివి గుర్తుచేసి లెక్క కడతారు. ఉగాండాలో మాత్రం జాతీయ గుర్తింపు కార్డు తప్పనిసరి చేశారు. కార్డు లేనివాళ్లు, కార్డులో వయసు తక్కువ పడినవాళ్లు, వేలిముద్రలు అరిగిపోయినవాళ్లు పెన్షన్ పోగొట్టుకున్నారు. దీని మీద అక్కడ స్వచ్ఛంద సంస్థలు కోర్టుకెక్కాయి.

చేతికందాక ఆ డబ్బు ఎక్కడికి పోతోంది?

దక్షిణాఫ్రికాలో ఊరి వడ్డీ వ్యాపారిని "మషోనిసా" అంటారు. అప్పు ఇచ్చి పెన్షన్ కార్డు, పిన్ నంబర్ తన దగ్గరే పెట్టుకుంటాడు. ప్రతి నెలా మొదట తన వడ్డీ తీసుకుని మిగిలింది ఇస్తాడు. ఫోన్ రీఛార్జ్, అంత్యక్రియల బీమా పేరుతో అడగకుండానే ఖాతాలో కోతలు పడటం మీద కూడా అక్కడ పెద్ద ఉద్యమం నడిచింది.

మన దగ్గరి పెన్షన్‌తో పోలిస్తే ఎక్కువా, తక్కువా?

దక్షిణాఫ్రికాలో 2024 చివర్లో నెలకు 2,190 రాండ్లు, మన డబ్బులో సుమారు 10 వేలు. కెన్యాలో 2,000 షిల్లింగులంటే సుమారు 1,300 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 పంచుతున్నారు. ధరలు వేరు కాబట్టి ఈ పోలికను అంతకు మించి లాగకండి.

మారిషస్‌లో మనవాళ్ల పరిస్థితి ఏంటి?

ఉగాది సెలవు దినంగా ఉన్న ఆ దేశంలో తెలుగు మూలాలున్నవాళ్లకు పెన్షన్ విషయంలో ప్రత్యేకమేమీ లేదు, అందరితో పాటే. 1950లో పేదలకు మొదలై 1958లో అందరికీ వర్తించింది. 60 దాటితే కోటీశ్వరుడికైనా వచ్చేది. ఖర్చు మోయలేకపోతున్నామని 2025 బడ్జెట్‌లో వయసును క్రమంగా 65కు పెంచుతామని ప్రకటించారు, జనం వీధిలోకి వచ్చారు. చెరకు పొలంలో, భవన నిర్మాణంలో ఒళ్లు అరిగినవాడికి, ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఆ ఐదేళ్లు ఒకటి కావు కదా.

## మంచం పట్టాక

వృద్ధాశ్రమాలు ఉన్నాయా?

చాలా తక్కువ. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం ముఖ్యంగా తెల్లవాళ్ల కోసమే వాటికి డబ్బిచ్చింది. డర్బన్‌లో భారతీయులు తమంతట తాముగా 1921లో ఆర్యన్ బెనెవొలెంట్ హోమ్ పెట్టుకున్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది. నైరోబీలో క్రైస్తవ సన్యాసినులు నడిపేవి కొన్ని ఉన్నాయి. ఘనా, నైజీరియాల్లో అమ్మను హోమ్‌లో పెట్టడం పరువు తక్కువ. డబ్బున్నవాళ్లు ఇంటికే నర్సును పెడతారు. లేనివాళ్ల ఇంట్లో బడి మానేసిన ఒక మనవరాలో, ఇంకా పేద బంధువుల ఇంటి నుంచి తెచ్చుకున్న పిల్లో ఆ పని చేస్తుంది. "కుటుంబమే చూసుకుంటోంది" అనే మాట వెనక చాలాసార్లు ఉన్నది ఆ పద్నాలుగేళ్ల పిల్ల.

పెద్దవాళ్లకు వైద్యం ఉచితమేనా?

కాగితం మీద కొన్నిచోట్ల ఉచితమే. సెనెగల్ 2006లో 60 దాటినవాళ్లకు ప్లాన్ సెసామ్ అనే ఉచిత వైద్య పథకం తెచ్చింది. ఘనా ఆరోగ్య బీమాలో 70 దాటినవాళ్లు ప్రీమియం కట్టనక్కర్లేదు. ఆసుపత్రి దాకా వెళ్లే బండి ఖర్చు, బయట కొనమని రాసే మందులు మాత్రం ఉచితం కావు. బీపీ, షుగర్ మాత్రలు ఊరి క్లినిక్‌లో తరచూ ఉండవు.

తల్లిదండ్రులను చూడని పిల్లల మీద కేసు వేయొచ్చా?

1981 నాటి ఆఫ్రికా మానవ హక్కుల చార్టర్ 29వ అధికరణం అవసరంలో ఉన్న తల్లిదండ్రులను పోషించడం మనిషి బాధ్యత అంటుంది. కెన్యా 2010 రాజ్యాంగం 57వ అధికరణం కుటుంబం నుంచి, ప్రభుత్వం నుంచి సంరక్షణ పొందే హక్కు ఇచ్చింది. దక్షిణాఫ్రికాలో గతిలేని తల్లిదండ్రులు పిల్లల నుంచి పోషణ ఖర్చు అడగొచ్చు. వృద్ధుల హక్కుల మీద ఆఫ్రికా యూనియన్ 2016లో ఆమోదించిన ఒప్పందం, 15 దేశాలు సంతకాలు ఖరారు చేశాక 2024 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. కానీ కన్నకొడుకు మీద కోర్టుకెళ్లే తల్లులు ఎక్కడైనా అరుదే. కొడుకుకే గతి లేనప్పుడు తీర్పు వచ్చినా వచ్చేదేమీ ఉండదు.

## పోయాక

బతికుండగా మందులకు లేని డబ్బు చావుకు ఎక్కడినుంచి వస్తుంది?

ఘనాలో ఈ ప్రశ్న అక్కడివాళ్లే వేసుకుంటారు. "కుటుంబానికి శవమంటే ప్రేమ" అని వాళ్లకో సామెతే ఉంది. శవాన్ని వారాల తరబడి ఫ్రీజర్‌లో ఉంచి, విదేశాల్లో ఉన్నవాళ్లు వచ్చాక, టెంట్లు, ఎరుపు నలుపు బట్టలు, బ్యాండు, ఊరంతటికీ భోజనాలతో సాగనంపుతారు. మందుల ఖర్చు కనిపించదు, అంత్యక్రియలు అందరికీ కనిపిస్తాయి. చందాలు వస్తాయి కాబట్టి ఖర్చు కొంత తిరిగొస్తుంది. మాత్రలు కొనడానికి చందాలు ఎవరూ ఇవ్వరు.

దీన్ని పూర్తిగా ఆడంబరం అనేస్తే అన్యాయం. ఇథియోపియాలో ఇద్దిర్, దక్షిణాఫ్రికాలో బరియల్ సొసైటీలు, మన చీటీల్లాంటి స్టాక్‌వెల్స్, ఇవన్నీ పేదలు నెలనెలా కాస్త వేసుకుని నడిపే సంఘాలు. పెన్షన్ రాగానే చాలామంది పెద్దావిడలు కట్టే మొదటి డబ్బు అదే. తన చావు పిల్లల మీద అప్పుగా పడకూడదని.

## మీరే జీతం ఇచ్చేవాళ్లైతే

మా ఇంట్లో పనిచేసే మనిషి ముసలితనానికి నేనేం చేయగలను?

పండక్కి చీర, పాత ఫ్రిజ్ ఇవ్వడం కంటే ముందు చట్టం చెప్పింది చేయండి. కెన్యాలో ఎన్ఎస్ఎస్ఎఫ్ అనే ప్రభుత్వ పెన్షన్ నిధికి జీతంలో యజమాని వంతు 6 శాతం, ఉద్యోగి వంతు 6 శాతం కట్టాలి, ఇంటి పనివాళ్లకు కూడా. ఘనాలో అలాంటిదే ఎస్ఎస్ఎన్ఐటీ ఉంది. ఆమె గుర్తింపు కార్డు మీద ఉన్న పేరుతోనే నమోదు చేయించండి, ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో కాదు. నంబర్ రాసి ఆమె చేతికివ్వండి. అప్పుడప్పుడు ఆమె ఫోన్‌లోనే జమ అవుతోందో లేదో చూపించండి. మీరు దేశం వదిలి వచ్చేటప్పుడు పనిచేసిన కాలం, జీతం రాసి సంతకం చేసిన కాగితం ఒకటి ఇవ్వండి.